50 ఎంఎం వీల్సా, 80 ఎంఎం వీల్సా, వెనక డిస్కా? టైమ్ ట్రయల్‌కీ రోజువారీ రోడ్డుకీ ఒకటే సెట్ కొనేవాళ్లకి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, సరిగ్గా అర్థమయిందో లేదో చూడు. ఉండేది హైదరాబాద్, బరువు 75 కిలోలు, బండి డిస్క్ బ్రేకుల అల్యూమినియం రోడ్ బైక్, దాంతో పాటు కంపెనీ ఇచ్చిన అల్లాయ్ వీల్సే ఇప్పటికీ నడుస్తున్నాయి. 20 కిమీ టైమ్ ట్రయల్‌లో, అంటే ఎవరికి వారు ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసులో, యావరేజ్ గంటకి 36 కిమీ దగ్గర ఆగిపోయింది. ఆదివారం గ్రూప్ రైడ్, నెలకోసారి అనంతగిరి, పండక్కి వైజాగ్ వెళ్తే భీమిలి రోడ్డు, వీలైతే గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 (ఈత, సైకిల్, పరుగు కలిపిన ట్రయథ్లాన్ రేసు) చేయాలని ఆశ. చేతిలో డెబ్బై వేలున్నాయి. ఒక ఫ్రెండ్ ముందూ వెనకా 80 ఎంఎం వీల్స్ కొనమన్నాడు (ఈ ఎంఎం అంటే రిమ్ లోతు, టైరు అంచు నుంచి పుల్లల వైపుకి రిమ్ ఎంత దిగుతుందో అది), ఇంకో ఫ్రెండ్ వెనక ఫుల్ డిస్క్ వీల్ వేస్తే ఒకేసారి నలభై దాటేస్తావన్నాడు. ఇద్దర్లో ఎవరి మాట వినాలి అని కదా. ఇద్దరి మాటా వినకు. నేను పద్నాలుగేళ్లుగా తొక్కుతున్నా, ఈ మధ్యలో ఐదు సెట్లు కొన్నా, ఒకటి విరగ్గొట్టుకున్నా, ఇంకోదాన్ని భయపడి అమ్మేశా, అందుకని కాస్త పొడుగ్గానే చెప్తా, టీ పెట్టుకుని చదువు.

వీల్స్ సంగతికి వచ్చే ముందు ఒక పాత కథ. 1989 టూర్ ద ఫ్రాన్స్, ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిమీ టైమ్ ట్రయల్. లారెంట్ ఫిన్యాన్ 50 సెకన్ల లీడ్‌లో ఉన్నాడు, అంత చిన్న దూరంలో అది పోతుందని దాదాపు ఎవరూ అనుకోలేదు. ఫిన్యాన్ బండికి ముందూ వెనకా రెండూ డిస్క్ వీల్సే, అంటే పుల్లలు కనపడకుండా పళ్లెంలా మూసేసిన చక్రాలు. గ్రెగ్ లెమాండ్‌కి వెనక ఒక్కటే డిస్క్. కానీ లెమాండ్ హ్యాండిల్ మీద ట్రయథ్లాన్ వాళ్లు వాడే ఏరో బార్స్, అంటే మోచేతులు ఆనించి ముందుకి వంగి పడుకునే కడ్డీలు, బిగించుకున్నాడు, తలకి ఏరో హెల్మెట్ పెట్టుకున్నాడు, ఫిన్యాన్ మామూలు బార్స్ పట్టుకుని, తలకి ఏమీ లేకుండా, పిలక గాలికి ఎగురుతూ తొక్కాడు. లెమాండ్ 54.5 కిమీ పైన యావరేజ్ కొట్టి ఆ స్టేజ్‌లో 58 సెకన్లు లాగేశాడు, మొత్తం టూర్ 8 సెకన్లతో గెలిచేశాడు. చక్రాల లెక్కన చూస్తే ఫిన్యాన్ బండే ఎక్కువ ఏరో, అంటే గాలికి తక్కువ అడ్డుపడేది, కానీ ఓడిపోయింది ఆయనే. నీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

గాలిని చీల్చేది మన ఒళ్లు, చక్రం కాదు. చదును రోడ్డు మీద ముప్పై దాటాక నీ కాళ్ల బలంలో చాలా భాగం గాలిని తోయడానికే పోతుంది, ఆ గాలి దెబ్బలో డెబ్బై అయిదు, ఎనభై శాతం దాకా మనిషి శరీరం మీద పడేదే, మిగిలిన కాస్తని ఫ్రేమూ, చక్రాలూ, బాటిల్సూ పంచుకుంటాయి. ఈ మాట అందరూ అంటారు గానీ నంబర్లు వేసి చూపించరు, కాబట్టి నీ కేసే లెక్కేద్దాం.

నువ్వూ బండీ కలిపి 85 కిలోలు అనుకుందాం. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదువందల మీటర్ల పైనే ఉంది, ఎండ కూడా ఉంటే గాలి కాస్త పల్చగా ఉంటుంది, అది మనకి లాభమే. మామూలు హ్యాండిల్ మీద చేతులు పెట్టి వంగి తొక్కుతుంటే గాలికి అడ్డు పడే లెక్క, అదే సీడీఏ అంటారు కదా, 0.32 అనుకో. మామూలు టైర్లు. 36 స్పీడ్‌కి సుమారు 216 వాట్లు కావాలి, అందులో 174 గాలికి, 42 టైర్లకి. ఈ స్పీడ్‌తో 20 కిమీకి 2000 సెకన్లు, అంటే 33 నిమిషాల 20 సెకన్లు. ఇప్పుడు అవే 216 వాట్లతో ఒక్కొక్కటి మార్చి చూద్దాం. క్లిప్-ఆన్ ఏరో బార్స్ బిగించి, మోచేతులు దగ్గరికి తెచ్చి, తల దించి సీడీఏ 0.25కి తెస్తే రెండు నిమిషాల పాతిక సెకన్ల దాకా తగ్గుతుంది. టైర్లు బరువైన పంక్చర్ ప్రూఫ్ రకం నుంచి మంచి రేసింగ్ టైర్లకి మార్చి ఎనిమిది వాట్లు మిగిల్చితే దాదాపు అర నిమిషం. ఇక చక్రాలు, పాత అల్లాయ్ నుంచి మంచి 60 ఎంఎం సెట్‌కి మారితే సీడీఏ ఓ 0.008 తగ్గిందనుకో, పదిహేను సెకన్లు.

పదిహేను సెకన్లు తక్కువేం కాదు, లెమాండ్ గెలిచింది ఎనిమిదితో. కానీ డెబ్బై వేలు పెట్టి పదిహేను సెకన్లు కొనే ముందు, అయిదారు వేల బార్స్‌తో రెండు నిమిషాలు వస్తుంటే దాన్ని వదిలేస్తావా? ఏరో బార్స్ నీ దగ్గర ఉన్నాయో లేవో నువ్వు రాయలేదు, లేకపోతే ముందు అవి కొను, నెల రోజులు వాటి మీద పడుకుని తొక్కడం అలవాటు చేసుకో, నడుము, మెడ ఒప్పుకుంటున్నాయో లేదో చూసుకో. గ్రూప్ రైడ్‌కి మాత్రం విప్పేసి రా, ఏరో బార్స్ మీద పడుకుని బంచ్‌లో తొక్కేవాడి వెనక నేనైతే ఉండను.

ఇంకో మోసం కూడా తెలుసుకో. కంపెనీ వాళ్లు బాక్స్ మీద 20 వాట్లు ఆదా అని రాస్తారు, కింద చిన్న అక్షరాల్లో 50 కిమీ స్పీడ్ దగ్గర అని ఉంటుంది, అసలు ఉంటే. గాలికి పోయే పవర్ స్పీడ్ ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది, స్పీడ్ రెండింతలైతే పవర్ ఎనిమిది రెట్లు, అంటే 36 దగ్గర అదే చక్రం మిగిల్చేది ఏడున్నర వాట్లు. అబద్ధం కాదు, కానీ నీ నిజం కాదు. అయితే స్లోగా తొక్కేవాళ్లకి ఏరో దండగ అనే మాట కూడా తప్పే, వాట్లు తక్కువ మిగిలినా రోడ్డు మీద ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి సెకన్లలో చూస్తే మనకీ ఫాస్ట్ వాళ్లకీ పెద్ద తేడా ఉండదు. మనకి ఉన్న అసలు ఇబ్బంది వేరే, పక్క గాలి.

ఇది కాస్త నిదానంగా చదువు, చక్రం లోతు ఎంతన్నది తేల్చేది ఇదే. నువ్వు ముందుకి వెళ్తుంటే ఎదురుగా వచ్చే గాలి, పక్కనించి వీచే అసలు గాలి, రెండూ కలిసి చక్రానికి ఏదో ఒక కోణంలో తగులుతాయి, దాన్ని యా యాంగిల్ అంటారు. పక్కనించి పది కిమీ గాలి వీస్తోందనుకో, 50లో వెళ్లే ప్రొఫెషనల్‌కి ఆ కోణం పదకొండు డిగ్రీలు, 36లో వెళ్లే నీకు పదిహేనున్నర. అంటే ఎంత స్లోగా వెళ్తే పక్క గాలి అంత ఎక్కువ అడ్డంగా తగులుతుంది. కొంత కోణం దాకా డీప్ రిమ్ పడవ తెరచాపలా పనిచేస్తుంది, గాలి రిమ్ముకి అతుక్కుని సాఫీగా దాటిపోతుంది, డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, ఇంకా తగ్గుతుంది. కోణం మరీ ఎక్కువైతే ఆ గాలి ఒక్కసారిగా రిమ్ముని వదిలేస్తుంది, ఏరోప్లేన్ రెక్కకి స్టాల్ అంటారే, అదే. అప్పుడు డ్రాగ్ పెరగడం ఒకటి, చేతిలో హ్యాండిల్ ఠక్కున గుంజినట్టు అవడం ఇంకొకటి, ఆ రెండోదే ప్రాణం మీదకి వచ్చేది.

నా సంగతి చెప్తా. ఎనిమిదేళ్ల కిందట ముందూ వెనకా 80 ఎంఎం సెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని ఎగిరి గంతేసి కొన్నా, పాత మోడల్, రిమ్ సన్నగా కత్తిలా కిందకి వి ఆకారంలో ఉండేది. ఇక్కడ గండిపేట వైపు తెల్లారుజామున తొక్కితే స్వర్గం, వుమ్ వుమ్ అని ఆ సౌండే వేరు. సంక్రాంతికి వైజాగ్ తీసుకెళ్లా. భీమిలి రోడ్డులో పొద్దున్నే పోవడం బాగానే పోయా, ఎండెక్కాక తిరిగొస్తుంటే సముద్రం గాలి మొదలైంది, రుషికొండ దాటాక కొండ అడ్డు ఉన్నంతసేపు ఏమీ తెలియదు, కొండ అయిపోయి ఖాళీ రాగానే గాలి ఒక్క తోపు తోస్తుంది, ముందు చక్రం రోడ్డు మధ్యకి జరిగిపోతుంది, అదే టైమ్‌లో పక్కనించి బస్సు వెళ్తే ముందు గాలిని ఆపేస్తుంది, వెళ్లిపోయాక మళ్లీ కొడుతుంది. నేను ఏరో బార్స్ వదిలేసి, బ్రేకుల మీద చేతులు పెట్టుకుని, కొత్తగా సైకిల్ నేర్చుకునే పిల్లాడిలా నిటారుగా కూర్చుని ఇంటికొచ్చా. వెనక్కి తిరిగి డేటా చూసుకుంటే కిందటి ఏడాది అదే రోడ్డు మీద అల్లాయ్ వీల్స్‌తో, బార్స్ మీద పడుకుని వచ్చినప్పటికంటే నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. పల్సు మాత్రం రేసులో కొట్టుకున్నట్టే కొట్టుకుంది, భయానికి.

ఆ రోజు నుంచి నా లెక్క ఇదే, ముందు చక్రం ఎంత లోతు ఉండాలంటే నీకు అలవాటైన గాలిలో నువ్వు ఏరో బార్స్ మీద నుంచి లేవకుండా ఉండగలిగినంత. నిన్ను లేపి కూర్చోబెట్టే చక్రం విండ్ టన్నెల్‌లో ఎంత ఫాస్ట్ అయినా రోడ్డు మీద స్లోనే. పొజిషన్‌తో వచ్చేది రెండు నిమిషాలు, చక్రంతో వచ్చేది పదిహేను సెకన్లు అని పైన చూశాం కదా, పదిహేను సెకన్ల కోసం రెండు నిమిషాలు పారేసుకోవడమే అది. పెద్దవాళ్లకి కూడా ఇది తెలుసు, హవాయిలో కోనా ఐరన్‌మ్యాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో డిస్క్ వీల్ అసలు ఒప్పుకోరు, అక్కడి గాలులకి భయపడే.

హైదరాబాద్ గాలి వైజాగ్ అంత కాదు గానీ జూన్, జులైలో పడమర నుంచి వచ్చే గాలి తక్కువేం కాదు. ఓఆర్‌ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఆ 23 కిమీలో వర్షాకాలం సాయంత్రాలు ఒకసారి తొక్కి చూడు, పైన ప్యానెల్స్ ఎండకి అడ్డం గానీ పక్క గాలికి కాదు. ఒక దిక్కు తిరిగితే ఎదురు, ఇంకో దిక్కు తిరిగితే పక్క. నువ్వు ఫ్రెండ్ దగ్గర డీప్ వీల్ అప్పు తీసుకుని ట్రై చేయాలనుకుంటే అక్కడే, అలాంటి రోజే చెయ్యి, నవంబర్ పొద్దున గాలి లేనప్పుడు తొక్కి సూపర్‌గా ఉంది అనుకుంటే లాభం లేదు.

ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఒకటే రూల్ కాదు, అది చాలామందికి తెలియక రెండూ ఒకటే సైజు కొంటారు. ముందు చక్రం హ్యాండిల్‌తో తిరుగుతుంది, దాని మీద పడ్డ గాలి నేరుగా నీ చేతుల్లోకి వస్తుంది. వెనక చక్రం ఫ్రేమ్‌కి బిగుసుకుని ఉంటుంది, తిరగదు, దాని మీద గాలి పడితే బండి మొత్తం కాస్త పక్కకి వాలుతుంది అంతే, హ్యాండిల్ గుంజదు. అందుకే టైమ్ ట్రయల్ బళ్లలో వెనక పూర్తి డిస్క్, ముందు 60 ఎంఎమో 80 ఎంఎమో ఉంటుంది. ఆ మాటకొస్తే ఏరో లాభం ముందు చక్రం దగ్గరే ఎక్కువ, ఎందుకంటే చెదరని గాలి దానికే తగులుతుంది, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ గాలి కాళ్లూ, ఫ్రేమూ తగిలి చిందరవందర అయిపోయి ఉంటుంది. లాభం ఎక్కువున్న చోటే ప్రమాదమూ ఎక్కువ, అదీ దీంతో వచ్చిన తంటా.

ఇక నీ రెండో ఫ్రెండ్ చెప్పిన డిస్క్ వీల్. కొత్తది బ్రాండెడ్ కొంటే నీ బడ్జెట్ మొత్తం ఆ ఒక్క చక్రమే మింగేస్తుంది, పోనీ కొన్నావే అనుకో, ఆదివారం రైడ్‌కి పనికి రాదు, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) రూల్స్ ప్రకారం అందరూ కలిసి స్టార్ట్ అయ్యే రోడ్ రేసులో డిస్క్ వీల్ నిషేధం కూడా. దానికి పేదవాడి మందు ఒకటుంది, డిస్క్ కవర్. మామూలు వెనక చక్రానికి రెండు పక్కలా సన్నటి ప్లాస్టిక్ షీట్ గుండ్రంగా కత్తిరించి, పుల్లల మీద నుంచి స్క్రూలతోనో టేప్‌తోనో బిగించేస్తారు, రెడీమేడ్ కూడా దొరుకుతాయి. ఏరోలో నిజం డిస్క్‌కి చాలా దగ్గరగా వస్తుంది, బరువు కొన్ని వందల గ్రాములు పెరుగుతుంది, చదును రోడ్డు మీద ఆ బరువు లెక్కలోకి రాదు. యూసీఐ ఈవెంట్లలో కవర్లు ఒప్పుకోరు, మన దగ్గర క్లబ్బుల టైమ్ ట్రయల్స్‌లో చాలాచోట్ల ఎవరూ పట్టించుకోరు, అయినా ఆర్గనైజర్‌ని ముందే అడిగి పెట్టుకో. నీ బండికి డిస్క్ బ్రేకులు కాబట్టి ఎడమ పక్క కవర్‌కి రోటార్ (బ్రేకు పళ్లెం), దాన్ని నొక్కి పట్టే కాలిపర్ తగలకుండా మధ్యలో పెద్ద రంధ్రం వదలాలి, కుడి పక్క కాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల గుత్తి)లో పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు కవర్‌కి చైన్ రాసుకుంటుందేమో స్టాండ్ మీద తిప్పి చూడాలి. నేను మొదటిది ఫ్లెక్స్ బోర్డుల షాపులో కొన్న షీట్‌తో చేశా, అష్టవంకర్లుగా వచ్చింది, నలభై దాటితే డప్పులా మోగేది, అయినా ఆ సీజన్‌లో నా బెస్ట్ టైమ్ దాంతోనే.

అంటే నీకు కావాల్సింది ముందు 50, వెనక 60 దగ్గర్లో ఉన్న సెట్, లేదా రెండూ 50, టైమ్ ట్రయల్ రోజున వెనక కవర్. వైజాగ్ ట్రిప్పులు లేకపోతే, గాలి అంటే భయం లేకపోతే ముందు 60 అనేవాణ్ణి. 75 కిలోల మనిషివి కాబట్టి 50 నిన్ను పెద్దగా కదపదు. ఇదే ప్రశ్న మొన్న 52 కిలోల అమ్మాయి ఒకావిడ అడిగితే ముందు 40 దాటొద్దమ్మా అన్నా, ఒంటి బరువు తక్కువైతే అదే గాలికి బండి ఎక్కువ కదులుతుంది.

లోతు ఎంతో చూసి ఆగిపోకు, వెడల్పు ఇంకా ముఖ్యం. పాత సన్న వి షేప్ రిమ్ములు ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఇప్పటి వెడల్పు రిమ్ములు బొద్దుగా, కింద అంచు గుండ్రంగా ఉంటాయి, పక్క గాలికి స్టాల్ అవడం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి చేతికి ముందే తెలుస్తుంది. కొత్త 60, పాత 45 కంటే సాధువుగా ఉండడం నేనే చూశా. వీల్స్ తయారుచేసే జిప్ కంపెనీలో పనిచేసిన జాష్ పోర్ట్‌నర్ చెప్పిన 105 రూల్ ఒకటుంది, రిమ్ బయటి వెడల్పు టైరు వెడల్పులో కనీసం 105 శాతం ఉండాలని. టైరు రిమ్ కంటే లావుగా బయటకి పొంగితే దాని మీద నుంచి వచ్చే గాలి రిమ్ముకి అతుక్కోదు, అప్పుడు లోతు ఎంత ఉన్నా దండగ. ఇక్కడే తప్పు జరుగుతుంది, టైరు మీద 28 అని రాసి ఉన్నా లోపల 23 ఎంఎం వెడల్పున్న రిమ్‌లో గాలి కొట్టాక 30 దాకా ఉబ్బుతుంది, కాబట్టి వర్నియర్ కాలిపర్‌తో కొలిచిన సైజే సైజు. 30 అనుకుంటే రిమ్ బయట ముప్పై ఒకటిన్నర ఉండాలి. అంత దొరక్కపోతే టైమ్ ట్రయల్ రోజున ముందు మాత్రం 25 టైరు వేసుకో, వెనక 28 ఉండనీ, రిమ్ కంపెనీ ఆ సైజు టైరు ఒప్పుకుంటుందో లేదో మాత్రం చూసుకుని.

హుక్‌లెస్ రిమ్ముల గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పు. టైరు అంచుని పట్టుకునే కొక్కెం లాంటి అంచు లేని రిమ్ములు ఇవి, చేయడం తేలిక, చవగ్గా వస్తాయి. వాటిలో 72.5 పీఎస్‌ఐ దాటి గాలి కొట్టకూడదు, కంపెనీ లిస్టులో ఉన్న టైర్లే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో థామస్ డి గెంట్ హుక్‌లెస్ రిమ్ నుంచి టైరు ఊడి పడిపోయాక దీని మీద పెద్ద గొడవే జరిగింది. నీ బరువుకి 28 టైర్లలో ముందు 63, వెనక 68 పీఎస్‌ఐ దగ్గర ఉంటావు కాబట్టి లిమిట్ లోపలే, కానీ మన పెట్రోల్ బంకు పంపుల మీటర్లు, ఫ్రెండ్స్ ఫ్లోర్ పంపుల మీటర్లు ఎంత నిజం చెప్తాయో నీకూ తెలుసు. అదే డబ్బుకి హుక్ ఉన్న రిమ్ దొరుకుతుంటే అదే తీసుకో, అంతే.

టైరులో కొట్టే గాలి విషయంలో మనవాళ్లకి ఇంకో జబ్బు, టైరు రాయిలా గట్టిగా ఉంటేనే ఫాస్ట్ అనుకోవడం. 25 టైర్లో 110 పీఎస్‌ఐ కొట్టి శంకర్‌పల్లి రోడ్డు మీద గుర్రం ఎక్కినట్టు ఎగురుతూ తొక్కేవాళ్లని రోజూ చూస్తా. గరుకు రోడ్డు మీద టైరు మరీ గట్టిగా ఉంటే ప్రతి రాయికీ నీ ఒళ్లు ఎగిరి పడుతుంది, ఆ ఎగరడానికి పోయే పవర్ నీదే. తగ్గించి చూడు, ఫీల్ స్లోగా ఉంటుంది, గడియారం మాత్రం ఫాస్ట్ అంటుంది. కార్బన్ రిమ్‌కి కూడా అదే మంచిది, కానీ మరీ తగ్గిస్తే గుంతలో రిమ్ రోడ్డుకి తగులుతుంది. నా విరిగిన చక్రం కథ అదే, వర్షం పడ్డ మర్నాడు నీళ్లు నిండిన గుంత, కింద ఎంత లోతో తెలియలేదు, టక్ అని సౌండ్ వచ్చింది, ఇంటికొచ్చి తుడిచి చూస్తే వెంట్రుక మందం చీలిక. అమ్మినవాళ్లకి ఫోటో పంపితే ఇంపాక్ట్ డామేజ్ వారంటీలో రాదన్నారు. అందుకే కొనేముందు క్రాష్ రీప్లేస్‌మెంట్ ఉందా, ఉంటే రిమ్ మన దాకా తెప్పించుకోవడానికి షిప్పింగ్, కస్టమ్స్ ఎవరు కట్టాలి అని మెయిల్‌లో రాయించుకో.

బరువు గురించి ఎక్కువ ఆలోచించకు. అనంతగిరికి డీప్ వీల్స్ బరువు కదా అని అడిగావు. లెక్క వేస్తే, అర కిలో ఎక్కువ మోసుకుంటూ మొత్తం 300 మీటర్ల ఎత్తు ఎక్కినా నీ పవర్‌కి ఓ ఏడు సెకన్లు తేడా. అనంతగిరి ఘాట్ చేరేదాకా వెళ్లే చదును రోడ్డులో డీప్ వీల్ అంతకు చాలా రెట్లు తిరిగి ఇచ్చేస్తుంది. గ్రూప్‌లో ముందువాడి వెనకే, గాలి తగలకుండా, అంటుకుని తొక్కితే మాత్రం ఏరో లాభం బాగా తగ్గిపోతుంది, అక్కడ సిగ్నల్ పడ్డప్పుడల్లా ఆగి మళ్లీ లేచి తొక్కేటప్పుడు తేలిక చక్రం చురుగ్గా అనిపిస్తుంది, అనిపించడమే ఎక్కువ, రిమ్ దగ్గరున్న బరువు వేగం అందుకునేటప్పుడు మహా అయితే రెండింతలుగా లెక్కకొస్తుంది, పది రెట్లు కాదు.

డబ్బు ఎలా పంచాలో చెప్తా. డెబ్బై వేలల్లోంచి బార్స్ ఖర్చు తీసేయ్, మంచి టైర్లు రెండింటి ఖర్చు తీసేయ్, కాంటినెంటల్ జీపీ5000 లాంటివి, వాటిలోకి లేటెక్స్ ట్యూబులో టీపీయూ (సన్నటి ప్లాస్టిక్) ట్యూబులో, వాటి ఖర్చూ తీసేయ్. మిగిలినదానికి పెద్ద బ్రాండ్ రాదు. చైనా నుంచి నేరుగా అమ్మే కంపెనీలు ఇప్పుడు నిజంగానే బాగా చేస్తున్నాయి, ఎలీట్‌వీల్స్, విన్‌స్పేస్, లైట్ బైసికిల్ లాంటివి, కానీ సైట్‌లో కనిపించే రేటు మీద కస్టమ్స్ డ్యూటీ, ట్యాక్స్ పడతాయి, అది కలిపి చూసుకున్నాకే ఆర్డర్ పెట్టు, పార్సిల్ వచ్చాక కొరియర్ వాడితో గొడవ పడితే లాభం లేదు. పేరు లేని స్టిక్కర్ వీల్స్, పెద్ద బ్రాండ్ పేరు వేసి పదిహేను వేలకి ఇస్తామనేవి, ముట్టుకోకు.

పుల్లలు మామూలు స్టీలువే ఉండనీ, ఈ మధ్య కార్బన్ పుల్లలు ఫ్యాషన్, తేలికే గానీ ఒకటి విరిగితే మన ఊళ్లో మెకానిక్ ఏం చేస్తాడు? స్టీలు అయితే ఆర్డర్‌తో పాటే ముందువి రెండు, వెనకవి నాలుగు స్పేర్ అడిగి తెప్పించుకో. నిపుల్స్, అంటే పుల్లల్ని రిమ్‌కి బిగించే చిన్న నట్లు, రిమ్ బయట కనపడేవి తీసుకో, లోపల దాచినవి ఏరోకి కాస్త మంచిదంటారు, కానీ బెండు తీయాలంటే టైరు, టేపు అంతా పీకాలి. హబ్ బేరింగ్‌లు 6902 లాంటి మామూలు సైజు అయితే మన బేరింగ్ షాపుల్లోనే దొరుకుతాయి, రెండు వర్షాకాలాలు తొక్కాక ఎలాగూ మార్చాల్సిందే. వెనక ఫ్రీహబ్ (కాసెట్ కూర్చునే భాగం) నీ కాసెట్‌కి సరిపోయేదేనా, షిమానోనా స్రామ్ ఎక్స్‌డీఆరా, యాక్సిల్ ముందు 100, వెనక 142 ఉన్న 12 ఎంఎం త్రూ యాక్సిలేనా (హబ్ గుండా దూర్చి బిగించే ఇరుసు), రోటార్ సెంటర్‌లాకా (మధ్యలో ఒకే రింగుతో బిగించేది) ఆరు బోల్టులదా, ఇవి తప్పుగా ఆర్డర్ పెట్టి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. వాల్వ్ మర్చిపోకు, 60 రిమ్‌కి 80 వాల్వ్ ఉన్న ట్యూబు కావాలి, మామూలు 48 వాల్వ్ లోపలే మాయమైపోతుంది, జేబులో పెట్టుకునే స్పేర్ ట్యూబు కూడా అదే సైజు ఉండాలి, లేకపోతే వికారాబాద్ అడవిలో పంక్చర్ పడ్డాక ఎవరినైనా ఎక్స్‌టెండర్ అడుక్కోవాలి. ట్యూబ్‌లెస్ వేస్తే మన ఎండలకి సీలెంట్ (లోపల పోసే, పంక్చర్లు పూడ్చే ద్రవం) తొందరగా ఎండిపోతుంది, నెలా రెండు నెలలకోసారి పోస్తూ ఉండాలి.

సెకండ్ హ్యాండ్ కార్బన్ చూస్తుంటే టైరు విప్పకుండా కొనకు. టైరు కూర్చునే అంచు చుట్టూ వేలు పెట్టి తడుము, రూపాయి నాణెంతో రిమ్ చుట్టూ తట్టు, ఒకచోట టక్ టక్ అన్నది ఇంకోచోట డబ్ డబ్ అంటే అక్కడ లోపల పొరలు విడిపోయాయేమోనని అనుమానించి వదిలెయ్. రిమ్ బ్రేక్ కార్బన్ సెట్లు చవగ్గా కనిపిస్తాయి, ఎలాగూ నీ బండికి పట్టవు, చదివేవాళ్లలో రిమ్ బ్రేక్ బండి ఉన్నవాళ్లెవరైనా ఉంటే తిరుమల లాంటి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టుకోకండి, వేడికి రిమ్ పోతుంది, వాటిలో లేటెక్స్ ట్యూబు అసలు వద్దు.

ఇంతకీ నీ బండి మోడల్ రాయలేదు. ఫోర్క్ లోపల, వెనక చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేమ్ గొట్టాల) మధ్య ఇప్పుడున్న టైరుకి రెండు పక్కలా ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి కొలిచి చెప్పు, వెడల్పు రిమ్ మీద ఉబ్బిన 28 పడుతుందా లేదా అన్నది దాన్ని బట్టి ఉంటుంది, అది తేలాక ఏ వెడల్పు రిమ్ ఆర్డర్ పెట్టాలో చూద్దాం.